పాత రంగస్థల పోస్ట్‌కార్డులతో గ్రీటింగ్ కార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పంపిన కార్డులు అందుకున్నవాళ్లు, వాళ్లింట్లో వాటిని చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒక్కటే. ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాసే ఓపిక లేక జవాబులన్నీ ఇక్కడ ఒక్కచోట పెడుతున్నా. నేనుండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. ఇక్కడ ఆదివారం సంతల్లో పాత పోస్ట్‌కార్డులు అట్టపెట్టెల నిండా దొరుకుతాయి.

ఏ పోస్ట్‌కార్డుల గురించి మాట్లాడుతున్నారు?

సుమారుగా 1902 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా బ్రిటన్‌లో అమ్మిన నటీనటుల ఫొటో కార్డులు. అప్పటికి సినిమా ఇంకా పసిగుడ్డు, స్టార్లంటే నాటకాలవాళ్లే. లిలీ ఎల్సీ, గెర్టీ మిల్లర్, జీనా డేర్, ఆమె చెల్లెలు ఫిలిస్ డేర్, మేరీ స్టడ్‌హోమ్, గాబ్రియెల్ రే లాంటివాళ్ల ఫొటోలు వేలకు వేలు అచ్చయ్యాయి. రోటరీ, బీగిల్స్, రాఫెల్ టక్, డేవిడ్‌సన్ బ్రదర్స్ ఇలా చాలా కంపెనీలు వీటి మీద పడ్డాయి. కార్డు పంపడానికి అర పెన్నీ స్టాంపు చాలు, 1918 దాకా ఆ రేటు మారలేదు. అందుకని పనిమనిషి దగ్గర్నుంచి దొరసాని దాకా అందరూ కొన్నారు, పంపుకున్నారు, ఆల్బమ్‌లు నింపుకున్నారు. ఆ ఆల్బమ్‌లే ఇప్పుడు విడిపోయి సంతకొస్తున్నాయి. బాగా తెలిసిన మొహాల సాదా కార్డులు ఈరోజుకీ కొద్ది పౌండ్లకే వస్తాయి.

అసలు కార్డును కత్తిరించి అతికిస్తారా?

లేదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదొక్కటీ చదవండి. అసలు కార్డును కొయ్యొద్దు, బంక పెట్టొద్దు, చిల్లు పెట్టొద్దు. స్కాన్ చేసి, ఆ స్కాన్‌తో ఎన్ని కార్డులు కావాలంటే అన్ని చేసుకోండి.

ఎక్కడ చూసినా దొరికే కార్డే కదా, ఒకటి కోస్తే కొంప మునుగుతుందా అంటారు. ముందువైపు బొమ్మ మాటకొస్తే నిజమే, అది వేల కాపీలు అచ్చయింది. వెనకవైపు మాత్రం అలా కాదు. అక్కడ ఎవరో పెన్సిల్‌తో రాసిన రెండు ముక్కలు, పోస్టల్ ముద్ర, ఒక ఊరు, ఒక తేదీ ఉంటాయి, అలాంటిది ప్రపంచంలో ఆ ఒక్కటే. అట్ట మీద అతికించారంటే పోయేది సరిగ్గా అదే.

ఇలా నటీమణి బొమ్మను పుట్టినరోజు కార్డుగా మార్చడం పాత వస్తువుకి అన్యాయం కాదా?

ఆ పని వందేళ్ల క్రితమే ఆ కంపెనీలే చేశాయి! అమ్ముడుపోయే ఫొటో ఒకటి చేతిలో ఉంటే, దాని మీదే బంగారు అక్షరాలతో క్రిస్మస్ శుభాకాంక్షలనో పుట్టినరోజు శుభాకాంక్షలనో అదనంగా అచ్చుకొట్టి డిసెంబర్‌లో మళ్లీ అమ్మేవాళ్లు. కొన్నింటి మీద మెరుపుల పొడి కూడా అద్దారు. ఆంగ్ల అక్షరం ఒక్కటి పెద్దగా వేసి దాని పొట్టలో నటీమణుల మొహాలు ఇరికించిన కార్డులున్నాయి, కొత్త సంవత్సరం అంకెల్లో మొహాలు పెట్టినవీ ఉన్నాయి. పేరులో మొదటి అక్షరం కలిస్తే ఆ అక్షరాల కార్డుని మించిన పుట్టినరోజు కార్డు లేదు. మా మేనకోడలికి ఒకటి అలాగే చేశా, ఆ మొహాలన్నీ ఎవరివని నెలంతా ఫోన్ చేసి అడిగింది.

నా దగ్గరున్నది నిజం ఫొటోనా, అచ్చుబొమ్మా? ఎలా తెలుసుకోవాలి?

భూతద్దం పెట్టి బుగ్గ దగ్గర చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ప్రెస్సులో అచ్చు వేసింది. చుక్కల్లేకుండా నలుపు నుంచి తెలుపుకి మెత్తగా జారితే అసలైన ఫొటో, అంటే ఫొటో కాగితం మీద నెగెటివ్‌తో తీసిన ప్రింటు. ఇంకో గుర్తుంది. కార్డుని కిటికీ దగ్గర పక్కకి వంచి చూస్తే నల్లటి భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, నీలంగా అద్దంలా మెరుస్తుంది. ఫొటోలోని వెండి పైకి తేలడం వల్ల వచ్చే మెరుపు అది. మురికి కాదు, దయచేసి తుడవొద్దు.

రంగులున్నంత మాత్రాన అచ్చుబొమ్మ అనుకోవద్దు. చాలా ఫొటోలకి తర్వాత రంగులద్దారు. పెదవి గీత దాటి గులాబీ రంగు చెంప మీదికి పాకిందంటే అది అద్దిన రంగే.

ఏ ఏడాదిదో ఎలా చెప్పాలి?

పోస్టల్ ముద్ర చదవగలిగితే పని అయిపోయినట్టే. లేకపోతే స్టాంపు చూడండి: ఆకుపచ్చ అర పెన్నీ మీద గడ్డం రాజుగారు కుడివైపు చూస్తూ ఉంటే ఏడో ఎడ్వర్డ్ కాలంది. ఆయన తర్వాతి రాజు ఐదో జార్జి స్టాంపులు 1911లో మొదలయ్యాయి. స్టాంపే లేకపోతే వెనకవైపు చూడాలి. మధ్యలో గీత గీసి ఒక పక్క చిరునామాకి, ఒక పక్క ఉత్తరానికి చోటు వదిలే పద్ధతి బ్రిటన్‌లో 1902లో వచ్చింది. అంతకుముందు వెనకంతా చిరునామాకే, చెప్పదలుచుకున్నది బొమ్మ పక్కన ఇరికించాల్సిందే. బొమ్మ మీదే గీకేశారేంటి అని చిరాకుపడే కార్డు మీ చేతికొస్తే, అది పాతదై ఉండొచ్చు, జాగ్రత్తగా చూడండి.

పోస్టు చేసిన తేదీ, ఫొటో తీసిన తేదీ ఒకటే కాదు. షాపులో మిగిలిపోయినవి తర్వాతెప్పుడో కొని పంపినవాళ్లూ ఉన్నారు.

స్కాన్ ఎలా చేయాలి? ఫోన్ కెమెరా చాలదా?

వాట్సాప్‌లో పంపడానికి చాలు, అచ్చుకి చాలదు. బల్లపరుపు స్కానర్ కావాలి, ఇంట్లో ప్రింటర్ మీద ఉండే మామూలుది సరిపోతుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. ఈ కార్డుల సైజు ఇంచుమించు 140 × 89 మిల్లీమీటర్లు, 600లో స్కాన్ చేసి 300లో అచ్చు వేస్తే రెండింతల సైజు దాకా పదును తగ్గదు. నలుపు తెలుపు బొమ్మైనా రంగుల్లోనే స్కాన్ చేయండి, లేకపోతే ఆ గోధుమ రంగు ఛాయ పోయి బొమ్మ బూడిద పూసినట్టు వస్తుంది.

చుక్కల అచ్చుబొమ్మైతే స్కానర్‌లో డీస్క్రీన్ అనే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయండి, లేకపోతే బొమ్మ మీద అలలు అలలుగా గళ్లు పడతాయి. నిజం ఫొటోకి ఆ ఆప్షన్ పెట్టారంటే ఉన్న పదునూ పోతుంది.

వంగిపోయిన కార్డు మీద మూత బలంగా నొక్కొద్దు. పాత ఫొటో పైపొర పెళుసుగా ఉంటుంది, ఒక్కసారి పగిలిందంటే ఆ తెల్లగీత మొహం మీద అలాగే ఉండిపోతుంది. ఒకట్రెండు పుస్తకాల కింద కొన్ని రోజులు ఉంచి, కాస్త సర్దుకున్నాక స్కాన్ చేయండి. అయినా పూర్తిగా సాపు కాదు, కానక్కర్లేదు.

వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. ఎందుకో కింద చెప్తా.

మరకలు, గీతలు కంప్యూటర్‌లో తీసేయాలా? రంగులు వేసే యాప్‌లు వాడొచ్చా?

కళ్ల మీద, పెదాల మీద పడ్డ మచ్చ తీసేయండి, చూసేవాళ్ల దృష్టి అక్కడే ఆగిపోతుంది కాబట్టి. మూలలు అరిగితే అరగనివ్వండి. ఇక రంగుల యాప్‌లంటే నాకు అసలు పడదు. అందరి చర్మానికీ ఒకే లేత నారింజ, అన్ని గౌన్లకీ ఒకే నీలం. పైగా మొహం పదును పెట్టే యాప్ ఏదైనా వాడితే కొత్త కనురెప్పలు, కొత్త పళ్లు పుట్టించి లిలీ ఎల్సీని ఎవరో టీవీ యాంకర్‌ని చేసి పెడుతుంది. ఇది ఇష్టాయిష్టాల సంగతి, మీ కార్డు మీ ఇష్టం. నేను మాత్రం నాకు పంపొద్దనే చెప్తా.

ఏ సైజు, ఏ పేపరు?

ఎ5 ముక్కని మధ్యకి మడిస్తే వచ్చే ఎ6 సైజు వీటికి చక్కగా సరిపోతుంది. ఎ6 అంటే 148 × 105, పోస్ట్‌కార్డు 140 × 89. బొమ్మని అసలు సైజులోనే మధ్యలో పెడితే పొడుగు వైపు నాలుగేసి మిల్లీమీటర్లు, వెడల్పు వైపు ఎనిమిదేసి మిల్లీమీటర్లు అంచు మిగులుతుంది. ఆ సన్నటి తెల్ల అంచుతో చూసేవాళ్లు నిజంగా పోస్ట్‌కార్డే అతికించారేమో అని గోటితో గీకి చూస్తారు. ఒక ఎ4 షీటులో రెండు కార్డులొస్తాయి. కవరు సి6.

పేపరు 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మధ్యలో, మెరుపు లేని మ్యాట్. మరీ తెల్లగా మిలమిలలాడేది వద్దు, మీగడ రంగుది దొరికితే ఇంకా మంచిది. గ్లాసీ పేపరు మీద లోపల పెన్నుతో రాస్తే అలుక్కుపోతుంది.

మడత విషయంలో ఒక మాట. మందం కాగితాన్ని ఊరికే మడిస్తే అంచు చిట్లి చీమల బారులా తెల్లగా పైకి లేస్తుంది. ముందు స్టీలు స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీసి అప్పుడు మడవాలి. కాగితానికి పోగు దిశ ఉంటుంది, రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఎటు తేలిగ్గా వంగుతుందో అటే మడత పడాలి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మడత దాటేలా డిజైన్ చేయొద్దు, టోనర్ పగిలి ఆ నల్లదనంలో తెల్ల పగుళ్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

హైదరాబాద్‌లో, విజయవాడలో అచ్చు వేయించాలంటే?

శుభలేఖలు వేసే డిజిటల్ ప్రింటింగ్ షాపు ఏదైనా చేస్తుంది. హైదరాబాద్‌లో అయితే ఛత్తా బజార్ పెళ్లి కార్డులకి పేరున్న చోటు, పేపరు రకాలు చేత్తో పట్టుకుని చూసి ఎంచుకోవచ్చు. క్రీజింగ్ (మడత పడే చోట గీత నొక్కడం) చేసి ఇవ్వమని ముందే చెప్పండి, మడత వాళ్ల మెషీన్ మీద శుభ్రంగా వస్తుంది.

రెండు జాగ్రత్తలు. గోధుమ రంగు ఛాయ ఉన్న బొమ్మలు డిజిటల్ మెషీన్ మీద ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా తేలతాయి, కాబట్టి ముందు ఒక్క కాపీ తీయించి, బయట ఎండలో చూసి, ఆ తర్వాతే మిగతావి వేయించండి. రెండోది, లోపల తెలుగులో ఏదైనా టైప్ చేసి ఉంటే ఆ అక్షరాలను బొమ్మగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. షాపువాళ్ల కంప్యూటర్‌లో అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు ఉంటాయి, మీరు చేసింది యూనికోడ్‌లో ఉంటుంది, తెరిచేసరికి ఒత్తులన్నీ ఊడి పక్కకెళ్లి కూర్చుంటాయి. అక్కడ నిలబడి సరిచేయిద్దామంటే తలప్రాణం తోకకొస్తుంది.

ఎవరికి ఏ నటి బొమ్మ పంపాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. బొమ్మ అందంగా ఉందని పంపేయకుండా, ఆ మనిషి కథ కార్డు అందుకునేవాళ్లకి ఎక్కడ తగులుతుందో చూస్తా.

రిటైరయ్యేవాళ్లకి జీనా డేర్. 1911లో పెళ్లి చేసుకుని నాటకాలు మానేసింది, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. 1926లో మళ్లీ రంగం మీదికొచ్చింది. 1958లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో మై ఫెయిర్ లేడీ అనే సంగీత నాటకం వేసినప్పుడు అందులో హీరో హిగ్గిన్స్ తల్లి పాత్ర ఆవిడదే. లోపల ఈ మూడు సంవత్సరాలు రాసి, ఆ కింద మీ పెదనాన్నగారి రిటైర్మెంట్ తేదీ రాసి ఊరుకోండి, ఆయనకి అర్థమవుతుంది.

చీరలన్నా నగలన్నా ప్రాణం పెట్టే పిన్నికి లిలీ ఎల్సీ. 1907 జూన్ 8న లండన్ డేలీస్ థియేటర్‌లో ద మెర్రీ విడో అనే సంగీత నాటకం మొదలైంది, 778 ప్రదర్శనలు ఆడింది. అందులో లిలీ ఎల్సీ పెట్టుకున్న టోపీ పిచ్చి సముద్రం దాటి అమెరికా దాకా పాకింది. గొడుగంత వెడల్పు, మీద పక్షి ఈకలు. ఆ బట్టలు కుట్టింది లూసీల్ అనే పేరుతో దుకాణం నడిపిన లేడీ డఫ్ గోర్డన్, తర్వాత టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ ఆవిడే. ఆ టోపీ ఫొటో కింద నేను రాసేది: "ఈ టోపీతో బస్సెక్కనివ్వలేదు పిన్నీ, అందుకే ఫంక్షన్‌కి రాలేకపోయా."

ఏదైనా హీరో అభిమాన సంఘంలో తిరిగిన బాబాయికి నటుడు లూయిస్ వాలర్. ఆయన కోసం ఆడవాళ్లు ఏకంగా ఒక దండు కట్టారు, బ్యాడ్జీలు పెట్టుకుని థియేటర్‌కి వచ్చేవాళ్లు. 'కీన్ ఆన్ వాలర్' అని దాని పేరు, వాలర్ అంటే పడిచచ్చేవాళ్లని అర్థం. బెనిఫిట్ షోలు చూసినవాళ్లకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

నటుడు హెన్రీ ఇర్వింగ్ కార్డు పంపేముందు మాత్రం కిందున్న అక్షరాలు చదవండి. ఆయన 1905 అక్టోబర్ 13న మా పక్క ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లో నాటకం వేసి ఆ రాత్రే పోయారు. ఆ తర్వాత సంతాపంగా వేసిన కార్డులున్నాయి. శుభమా అని పుట్టినరోజుకి పోయినాయన సంతాప కార్డు పంపితే బాగుండదు కదా.

లోపల ఏం రాయాలి?

తక్కువ. బొమ్మలో ఎవరు, ఏ నాటకం, ఏ ఏడాది అనేది వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో రెండు వరుసలు వేయండి. లోపల మాత్రం చేత్తోనే రాయండి, అచ్చులో కవిత్వం వద్దు.

వెనకవైపు కూడా స్కాన్ చేయమన్నారు, దాన్నేం చేస్తారు?

మడత లోపల ఎడమ పక్కన వేస్తా. కార్డు తెరవగానే ఒక పక్క వందేళ్ల క్రితం ఎవరో ఇంకెవరికో రాసింది, ఇంకో పక్క నేను రాసింది. అప్పటివాళ్లు రాసుకున్నవి పెద్ద విషయాలేం కావు: ఇదిగో నీ ఆల్బమ్‌కి ఇంకొకటి, ఈమె నీ దగ్గర ఉందా, ఉత్తరం రాయలేదని కోపగించుకోకు. నా దగ్గరున్న ఒక ఫిలిస్ డేర్ కార్డు మీద స్టాంపు అడ్డంగా, తల పక్కకి పడేసి ఉంది. స్టాంపు ఎటు వంచితే ఏ అర్థమో చెప్పే రహస్య భాష ఒకటి అప్పట్లో ప్రేమికుల మధ్య నడిచింది. రాసిందేమో రేపు సాయంత్రం బండికి వస్తున్నా, స్టేషన్‌కి రా అని. ఇంట్లో ఎవరైనా చదివినా తప్పు పట్టలేరు, చెప్పాల్సింది స్టాంపు చెప్పేసింది. లేకపోతే హడావిడిలో అతికించి ఉండొచ్చు, ఎవరికి తెలుసు.

చిరునామాలో పేరు, ఇంటి నంబరు కనిపించకుండా చేస్తా. ఊరు, ముద్ర ఉంచుతా.

కాపీరైట్ గొడవలేమీ ఉండవా?

మీ వాళ్లకి పది కార్డులు చేసి పంచుకుంటే ఎవరూ తలుపు కొట్టరు. అమ్మాలంటే మాత్రం చూసుకోవాలి. పాతది కాబట్టి అందరిదీ అనుకోవడం సరికాదు. బ్రిటన్‌లో ఫొటో తీసిన మనిషి చనిపోయాక 70 ఏళ్ల లెక్క, ఇండియాలో 60. కార్డు మీద ఒక మూల ఫొటోగ్రాఫర్ పేరు ఉంటుంది, అదే మొదట చూడాల్సింది. ఉదాహరణకి లాలీ చార్ల్స్, రీటా మార్టిన్ అని అక్కచెల్లెళ్లు, ఇద్దరూ లండన్‌లో పేరున్న ఫొటోగ్రాఫర్లు. లాలీ 1919లోనే పోయింది, రీటా 1958 దాకా ఉంది. అక్క తీసినవి ధైర్యంగా వాడతా, చెల్లెలు తీసినవైతే 2028 చివరి దాకా అమ్మకానికి పెట్టను. ఒకే నటి, ఒకే ఏడాది, ఒకేలాంటి ఫొటో అయినా సరే.

వెనక రాసిన ముక్కలకి కూడా హక్కులుంటాయంటే చాలామంది నమ్మరు. బ్రిటన్ చట్టం ప్రకారం, రాసినవాళ్లు 1969కి ముందు చనిపోయి, ఆ రాత ఎప్పుడూ అచ్చు కాకుండా ఉండిపోతే, 2039 చివరి దాకా ఆ హక్కు వాళ్ల వారసులది. స్టేషన్‌కి రా అన్న ఒక్క వాక్యానికి ఎవరూ కోర్టుకి వెళ్లరనుకోండి. అయినా అమ్మే కార్డుల్లో వెనకవైపు వాడొద్దు. నేను లాయర్ని కాదు, వ్యాపారం పెట్టేవాళ్లు లాయర్ని అడగండి.

మరి మీరు అమ్ముతారా?

అమ్మను. అడగొద్దు ప్లీజ్.

అసలు కార్డునే బహుమతిగా ఇవ్వాలనుంది. ఎలా?

ఇవ్వండి, మంచి ఆలోచన. పాత ఆల్బమ్‌లలో ఫొటోల మూలలకి పెట్టే కార్నర్లు ఇప్పటికీ దొరుకుతాయి. యాసిడ్ లేనివి చూసి కొని, మందం అట్ట మీద నాలుగు కార్నర్లు అతికించి, అందులోకి కార్డుని దూర్చండి. బంక అట్టకి తగలాలి గానీ కార్డుకి కాదు. అందుకున్నవాళ్లు కావాలంటే బయటికి తీసి వెనక చదువుకుని మళ్లీ పెట్టుకుంటారు. రెండు వైపులా అంటుకునే టేపు అసలొద్దు, కొన్నేళ్లకి పసుపు పచ్చని జిగురు కారి కాగితంలోకి ఇంకుతుంది. ఫెవికాల్ లాంటి నీళ్ల బంకతో కార్డు వంకర తిరుగుతుంది. మైదా లై పెట్టారంటే సిల్వర్ ఫిష్ పురుగులకి విందు పెట్టినట్టే. పోస్టులో పంపితే అటూ ఇటూ గట్టి అట్ట పెట్టండి, స్టాంపుల మీద ముద్ర వేసేవాళ్లు మన సెంటిమెంట్లు చూడరు.

విశాఖలో, కాకినాడలో తేమకి ఇవి నిలుస్తాయా?

కష్టపడతాయి. సముద్రం పక్క ఊళ్లలో బూజు పట్టే అవకాశం ఎక్కువ. పీవీసీ కవర్లు కాకుండా పాలిస్టర్ కవర్లలో ఒక్కొక్కటి విడిగా పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచండి, వానాకాలంలో పొట్లాలు మారుస్తూ ఉండండి. బీరువా వెనక గోడ తడిసేదైతే ఆ అరలో పెట్టొద్దు. గోడకి తగిలించాలనుకుంటే స్కాన్ ప్రింటు తగిలించండి.

మన తెలుగు నాటకాలవాళ్లతో ఇలాంటి కార్డులు చేయలేమా?

ఎందుకు చేయలేం! వెస్టా టిల్లీ అనే ఆవిడ సూటు, హ్యాటు, చేతికర్రతో మగవేషాలు వేసి బ్రిటన్‌ని ఊపేసి 1920లో రిటైరైంది. ఆమె కార్డులు పెట్టెలు పెట్టెలు దొరుకుతాయి. సరిగ్గా ఆ తర్వాత మన దగ్గర స్థానం నరసింహారావుగారు సత్యభామగా చీరకట్టి నడిచొస్తే జనం కళ్లప్పగించి చూశారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. వీళ్లిద్దరినీ ఒకే కార్డు మీద పక్కపక్కన పెట్టాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. సురభివాళ్లది ఇంకో దారి, 1885లో మొదలైనప్పటి నుంచి కుటుంబాలు కుటుంబాలుగా నాటకాల్లోనే ఉన్నారు.

అంతకన్నా మీ ఇంట్లోనే వెతకండి. ఊళ్లో రాయబారం సీనులో కృష్ణుడు వేసిన తాతయ్య, కిరీటం కాస్త పక్కకి ఒరిగి, వెనక స్టూడియో తెర మీద గీసిన మెట్లు, పోస్ట్‌కార్డ్ సైజు ఫొటో. చాలా ఇళ్లల్లో ట్రంకు పెట్టె అడుగున ఇలాంటిది ఒకటి ఉంటుంది. పైన చెప్పిన స్కానింగ్, పేపరు, మడత అన్నీ దానికీ అంతే. ఒక్క తేడా ఏంటంటే దానికి రెండో కాపీ ఎక్కడా దొరకదు కాబట్టి స్కాన్ ఫైలు రెండు చోట్ల దాచండి. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, అద్దంతో సహా ఫొటో తీసుకోండి. ఆయన ఎవరితో కలిసి ఆడారో, హార్మోనియం ఎవరు వాయించారో తెలిసిన పెద్దవాళ్లు ఉంటే ఫోన్ చేసి అడిగి, ఆ పేర్లు కార్డు వెనక వేయండి.

పిల్లలతో చేయించొచ్చా?

హాయిగా. స్కాన్ ప్రింట్లు ఇచ్చేయండి, కత్తెర, రంగులు, మెరుపుల పొడి ఏదైనా కానివ్వండి. అసలు కార్డులు మాత్రం పై అరలో పెట్టి ఆ తర్వాత పిలవండి.